ఎండను తట్టుకుంటుందని అమ్మిన హైబ్రిడ్ మందారం: కొనేముందు వేర్లు చూడండి

మందారం కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా పొడి ఎండలున్న చోట పెంచేవాళ్లు, దయచేసి ఇది చదివాకే కొనండి. అరచేయంత పువ్వు, నారింజ రంగు రెక్కలు, నడుమ ముదురు ఎరుపు, కొమ్మ కొమ్మకీ మొగ్గలు. చూడగానే మనసు పారేసుకుని తెచ్చాను. "మందారం వేడి దేశాల మొక్కేనండీ, ఎంత ఎండైనా తట్టుకుంటుంది, నేరుగా ఎండలో పెట్టేయండి" అని అమ్మినతను గట్టిగా చెప్పాడు. పదిహేను రోజుల్లో మొక్క చచ్చిపోయింది.

అతను చెప్పింది సగమే నిజం. మందారానికి వేడి అలవాటే, కానీ అది గాలిలో తేమ ఉన్న వేడి. 40 డిగ్రీల ఎండకి వడగాలి తోడైతే, ఆకుల నుంచి ఆవిరైపోయే నీటిని వేర్లు అందించలేవు. పైగా నర్సరీలో అది షేడ్ నెట్ (ఎండని తగ్గించే నీడ వల) కింద పెరిగింది. నీడలో లేతగా వచ్చిన ఆకు ఒక్కసారిగా మధ్యాహ్నపు ఎండలో పడితే మాడక ఏమవుతుంది?

మూడో రోజుకే మొగ్గలు ఒక్కొక్కటే కాడతో సహా రాలాయి. ఆకుల మీద తెల్లటి మచ్చలు, ముట్టుకుంటే కాగితంలా పెళపెళ. మొక్క వాడిపోతుంటే టెన్షన్ వచ్చి రెండు పూటలా నీళ్లు పోశాను. వేలు పెట్టి చూస్తే మట్టి తడిగానే ఉండేది. అదే నన్ను మోసం చేసింది.

చివరికి పీకి చూస్తే విషయం తెలిసింది. చుట్టూ నేను వేసిన మట్టి బురదలా ఉంది. నడుమ నర్సరీవాళ్ల కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ముద్ద మాత్రం పొడిపొడిగా ఉంది, విరిస్తే దుమ్ము లేచింది. దాని లోపల వేర్లని బిగించి పట్టుకున్న చిన్న వల సంచి. కోకోపీట్ పూర్తిగా ఎండితే కుంచించుకుపోతుంది. పోసిన నీళ్లన్నీ దాని పక్కనుంచి జారిపోతాయి. వేర్లన్నీ ఆ ముద్దలోనే ఉంటే మొక్కకి ఇంకేం అందుతుంది? నర్సరీవాళ్లని తిరిగి అడిగితే "మీరే నీళ్లు ఎక్కువ పోశారు" అన్నారు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఆ సంచి సంగతి వాళ్లకి ముందే తెలుసు.

రెండో మొక్కని వేరేచోట, ఎండలు తగ్గాక కొన్నాను. ముందు కుండీతో సహా బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచాను. సంచి కత్తిరించి, వేర్లు తెగకుండా పైపై కోకోపీట్ దులిపి మట్టిలో పెట్టాను. రెండు వారాలు వెలుతురున్న నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకి మెల్లగా అలవాటు చేశాను. ఇది బతికింది. ఎండలు ముదిరితే మొగ్గలు ఇప్పటికీ కొన్ని రాలతాయి, దానికి కంగారుపడకండి.

ఇంకొక మాట. ఉప్పునీళ్లు, అంటే సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోసేచోట లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఐరన్ లోపం కావచ్చు. నాకు అంటగట్టిన ఐరన్ ఎరువు ప్యాకెట్ మీద ఈడీటీఏ (ఐరన్‌ని మొక్కకి అందేలా పట్టి ఉంచే రసాయనం) అని ఉంది. క్షారం ఎక్కువున్న మట్టిలో అది నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం ఐరన్ అడగండి.

కొనేటప్పుడు మొక్కని కుండీలోంచి మెల్లగా జార్చి వేర్లు చూపించమనండి. షేడ్ నెట్ కిందిదా, బయట పెరిగిందా అని అడగండి. చూపించనంటే ఆ మొక్క అక్కడే వదిలేయండి.