ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్: రెండు జీడి సీజన్ల తరువాత

గూగుల్ ఉచితంగా అందించే ‘ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్’ కోర్సును పూర్తిచేసి చాలాకాలమైంది. కంపోజ్ అంటే ఆప్ తెరలను కోట్లిన్ భాషలోనే రాసే పద్ధతి. అందులో నేర్చుకున్నదానితో కట్టిన ఆప్ పలాసలోని మా జీడిపప్పు మిల్లులో రెండు సీజన్లుగా నడుస్తోంది. నేను చదివింది కామర్స్, చేసేది మిల్లు లెక్కలు. కంప్యూటర్ చదువు లేనివాళ్లకు ఇది పనికొస్తుందా అని అడిగేవారి కోసం ఇది రాస్తున్నాను.

పనికొస్తుంది. ఆప్ కట్టడం వరకు ఇంతకంటే ఓపికగా నేర్పే పాఠాలు నాకు దొరకలేదు. వాడేవాళ్ల చేతికి, కంటికి తగ్గట్టు దాన్ని తీర్చడం మాత్రం నాకు మిల్లులోని ఆడవాళ్లే నేర్పారు.

మొత్తం ఎనిమిది యూనిట్లు. కోట్లిన్ భాషతో మొదలుపెట్టి పుట్టినరోజు కార్డు, పాచికలు, టిప్పు లెక్క ఇలా చిన్నచిన్న ఆప్‌లు చేయిస్తారు. పలాసలో టీ తాగి టిప్పు లెక్కకు ఫోను తీసేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందుకని బిల్లు మొత్తం ఉన్నచోట పొట్టు తీసిన పప్పు కిలోలు, టిప్పు శాతం ఉన్నచోట కిలో రేటు పెట్టుకున్నాను. కూలి లెక్క తయారైంది. పాఠంలోని ఉదాహరణను ఇలా మన పనిలోకి మార్చుకుంటూ పోకపోతే ఈ కోర్సు సగమే ఒంటబడుతుంది.

నాకు బాగా నచ్చినది నాలుగో యూనిట్‌లోని మిఠాయిల ఆప్. బొమ్మను నొక్కినకొద్దీ అమ్మకాల లెక్క పెరుగుతుంది. ఫోనును అడ్డంగా తిప్పగానే లెక్క మళ్లీ సున్నా. అది కావాలనే అలా చేసి ఉంచారు. ఎందుకు పోయిందో మనచేతనే లాగ్‌లో, అంటే ఆప్ నడుస్తూ రాసుకునే చిట్టాలో, వెతికిస్తారు. ఫోను తిప్పినప్పుడు ఆండ్రాయిడ్ ఆ తెరను తీసేసి కొత్తగా కట్టుకుంటుంది. ‘రిమెంబర్’తో పెట్టిన విలువ అప్పుడు పోతుంది, ‘రిమెంబర్ సేవబుల్’తో పెట్టినది నిలుస్తుంది. తూకం దగ్గర నిలబడి కొట్టిన అంకె ఫోను కాస్త వంగగానే మాయమైతే, ఇక ఆ ఆప్‌ను ఎవరు నమ్ముతారు? పుస్తకంలో రాసిన అంకె ఎక్కడికీ పోదు కదా! ఆ ఒక్క పాఠం కోసమైనా ఈ కోర్సు చదవవచ్చు.

ఆరో యూనిట్‌లోని రూమ్ డేటాబేస్ రెండో మేలు. లెక్కలన్నీ ఫోనులోనే, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉంటాయి. రేకుల షెడ్డు కింద సిగ్నల్ అంతంతమాత్రమైనా పని ఆగదు. ఇక్కడొక హెచ్చరిక. టిప్పు ఆప్‌లో దశాంశాల కోసం వాడిన ‘డబుల్’ అనే సంఖ్యా రకాన్ని కూలి డబ్బుకు వాడవద్దు. 0.1కి 0.2 కలిపితే అది 0.30000000000000004 అంటుంది. టిప్పుకైతే పరవాలేదు, వారం కూలి దగ్గర పైసా తేడా వచ్చినా జవాబు చెప్పుకోవాలి. నేను డబ్బును పైసల్లో, పూర్ణాంకంగా దాస్తున్నాను.

ఇక రూపం సంగతి. కొత్త ప్రాజెక్టులో అక్షరం 16, వరుస ఎత్తు 24 అని ముందే ఉంటుంది. “ఇంత సన్న అక్షరాలు ఎవరికి కనిపిస్తాయి బాబూ” అని మా మేస్త్రమ్మ అంటే అక్షరాన్ని 24 చేశాను. ఇంగ్లీషు పేర్లు బాగానే వచ్చాయి. తెలుగులో పొడుగు పేరు రెండు వరుసలకు మళ్లేసరికి, పై వరుసలోని ‘లక్ష్మి’ వత్తు వెళ్లి కింది వరుస గుడిని గుద్దుకుంది. తెలుగుకు కిందా పైనా చోటు కావాలి. వరుస ఎత్తును 38 చేశాక గాని పేర్లు తేటగా కనబడలేదు. బొత్తాలకు కనీసం 48 డీపీ (తెర మీద కొలత) ఉండాలని గూగుల్ రూపకల్పన సూత్రాలైన మెటీరియల్ డిజైన్ చెబుతుంది. జీడి అంటకుండా బూడిద రాసుకున్న వేళ్లకు అది చాలదు, మా ఆప్‌లో దానికి దాదాపు రెట్టింపు పెట్టాను. పప్పు రకాలకు గుండు, బద్ద, ముక్క అని మూడే బొత్తాలు, మూడు రంగులు. అందమా అంటే కాదు. మేస్త్రమ్మ మాత్రం అద్దాలు లేకుండానే నొక్కేస్తోంది.

లాప్‌టాప్ గురించి ఒక మాట. ఆప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో 8 జీబీ మెమరీతో నడుస్తుంది గాని, లాప్‌టాప్‌లోనే ఫోనును అనుకరించే ఎమ్యులేటర్ జోలికి పోకండి. ఫోను సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కి, యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిచి, కేబుల్‌తో కలుపుకోండి. మొదటిసారి ప్రాజెక్టు తెరిచినప్పుడు, కోడ్‌ను ఆప్‌గా కూర్చే గ్రేడిల్ బోలెడు సరుకు దింపుకుంటుంది, ఆ రోజుకు మొబైల్ డేటాను నమ్ముకోవద్దు.

మరో చిక్కు పాత వీడియోలు. కంపోజ్ మొదటి స్థిర రూపం 2021 జూలైలో వచ్చింది. అంతకుముందు తెరలను ఎక్స్‌ఎంఎల్ అనే వేరే రకం ఫైళ్లలో రాసేవారు. తెలుగులో నాకు కనబడిన వీడియోలు ఎక్కువగా ఆ పద్ధతివే. రెండూ ఒకేసారి మొదలుపెడితే బుర్ర తిరుగుతుంది. పాత పద్ధతిని కోర్సు ఎనిమిదో యూనిట్‌లో ఎలాగూ పరిచయం చేస్తుంది, అందాకా ఆగండి. మా బంధువుల అబ్బాయి ఒకడు నగరంలో వేలకువేలు ఫీజు కట్టి నేర్చుకున్నది కూడా ఆ పాతదే. వాడి ముందు ఈ మాట అనను.

ఐఫోను ఆప్ చేయాలంటే ఈ దారి కాదు. దానికి మ్యాక్ కావాలి, ఆప్ స్టోర్‌లో పెట్టాలంటే ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. ప్లే స్టోర్‌కు 25 డాలర్లు ఒక్కసారే. అయితే కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు ఆప్‌ను అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది పరీక్షకులతో 14 రోజులు వరుసగా పరీక్ష నడిపించాలి. మా మిల్లులో ఫోనులున్నవాళ్లు అంతకంటే ఎక్కువమందే. జీమెయిల్ పాస్‌వర్డు గుర్తున్నవాళ్ల కోసమే వెతుకుతున్నాను.