జాడ పట్టే కుక్కకు ట్రైనింగ్ లాగ్: నోటుబుక్కా, ఫోన్ యాపా, స్ప్రెడ్‌షీటా? ఏది మేలు?

మనిషి నడిచిన దారిని వాసనతో పట్టుకుంటూ పోయేలా కుక్కను తయారుచేసేవాళ్లు రోజూ ఏదో ఒకటి రాసుకోవాలనడంలో పేచీ లేదు. పేచీ అంతా ఎక్కడ రాయాలన్న దగ్గరే. కొత్తవాళ్లు సహజంగానే ఫోన్ యాప్ వైపు మొగ్గుతారు. నా ఓటు ముందు నోటుబుక్కుకు, ఆ తర్వాతే యాప్‌కు.

యాప్ బలం తక్కువదేమీ కాదు. ట్రాక్ వేసే మనిషి, అంటే కుక్క పట్టాల్సిన దారిలో ముందుగా నడిచే మనిషి, జీపీఎస్ ఆన్ చేసుకుని నడుస్తాడు, తర్వాత కుక్కతో మనం నడిచిన గీత దాని పక్కనే పడుతుంది. ఏ మలుపు దగ్గర దారి తప్పిందో మ్యాప్‌లో కనిపిస్తుంది. ట్రాక్ వయసు, అంటే ఆ మనిషి నడిచి ఎంతసేపైందన్నది కూడా నిమిషాలతో సహా వస్తుంది. చేత్తో రాసేటప్పుడు ఇరవై రెండు నిమిషాలను ‘అరగంట’ అనేస్తాం కదా, ఆ బాధ ఉండదు.

చిక్కు అసలు ప్రశ్న దగ్గర వస్తుంది: కుక్క ఎందుకు పక్కకు పోయింది? ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్‌లో ఐదు మీటర్ల దాకా తేడా మామూలే. చెట్ల కింద, గచ్చిబౌలి లాంటి చోట పెద్ద భవనాల పక్కన ఇంకా పెరుగుతుంది. కుక్క ట్రాక్‌కు నాలుగు మీటర్లు పక్కగా పోయిందని మ్యాప్ చూపిస్తే, అది గాలికి కొట్టుకొచ్చిన వాసన వెంట పోయిందా, లేక జీపీఎస్ తేడానా? గీత చూసి చెప్పలేం. మొదటిది తప్పు కాదు, ఆ గాలిలో కుక్క చేయాల్సిన పనే అది. వాతావరణం యాపే నింపుతుంది కానీ, అది ఊరు మొత్తానికి చెప్పే లెక్క. గండిపేట కట్ట కింద గాలి ఎటు వీస్తోందో దానికేం తెలుసు? చిటికెడు టాల్కం పౌడర్ వదిలి చూసి, కాగితం మీద బాణం గుర్తు వేసుకుంటే సరిపోతుంది.

నోటుబుక్కులో ట్రాక్ వేసిన మనిషి తన చేత్తో బొమ్మ గీస్తాడు: వేప చెట్టు దగ్గర కుడికి, కరెంటు స్తంభానికి ముప్పై అడుగుల ముందు గ్లవ్ (కుక్క కనిపెట్టాలని పడేసిన చేతి తొడుగు), అక్కడి నుంచి మొరం రోడ్డు. ఇవి జీపీఎస్ గీతలా పక్కకు జరిగేవి కావు. మన ఊళ్లో తప్పక రాయాల్సినవి కూడా ఏ యాప్ కాలమ్‌లోనూ దొరకవు. వీధికుక్కలు అడ్డొచ్చాయా, గేదెలు ట్రాక్ దాటాయా, నేల ఎర్రమట్టా నల్లరేగడా, రాత్రి వాన పడిందా. మే నెలలో ఎండెక్కిన నేల మీద కుక్క తడబడితే దాని పట్టుదలను తప్పుపట్టే ముందు చూడాల్సింది ఈ వరసే. బాల్‌పెన్ వద్దు, తడి కాగితం మీద కూడా పెన్సిలే రాస్తుంది.

అన్నిటికన్నా విలువైన గడి ఒకటుంది: ‘ట్రాక్ ఎటు పోయిందో నాకు ముందే తెలుసా?’ 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 18 కుక్క-మనిషి జట్లను పరీక్షించారు. ఆ కుక్కలు డ్రగ్స్, పేలుడు పదార్థాల వాసన పట్టే జాగిలాలు. అక్కడ ఏ వాసనా పెట్టలేదు. అయినా వాసన ఉందని హ్యాండ్లర్లను (కుక్కను నడిపించేవాళ్లను) నమ్మించిన చోట్లే ‘పట్టింది’ అని ఎక్కువ సార్లు చెప్పారు. తాడు చివర ఉన్న మనిషికి దారి తెలిస్తే జాడ పట్టే కుక్కకూ సైగ అందే ప్రమాదం ఉంది. అందుకే కుక్కను వదలకముందే ‘తెలుసు’ లేదా ‘తెలియదు’ అని రాసేయాలి. ఆ రెండు రకాల ఫలితాలను ఒకే కుప్పలో కలిపితే లాగ్ మనల్ని పొగడడానికే పనికొస్తుంది.

షీటు సంగతి వేరు. రాత్రి ఇంటికొచ్చి తీరిగ్గా నింపితే తడబాట్లన్నీ సర్దుకుని ‘బాగానే చేసింది’ అయిపోతాయి. వాయిస్ నోట్లు కూడా అంతే, చెప్పడం సులువు గానీ మళ్లీ వినే ఓపిక ఎవరికీ ఉండదు. కానీ కొన్ని నెలలు గడిచాక ‘గంట దాటిన ట్రాకులే చెడుతున్నాయా, తారు రోడ్డు వస్తేనే చెడుతున్నాయా’ అని అడిగితే నోటుబుక్కు తిరగేయడం తలనొప్పి, షీటు చిటికెలో చెబుతుంది. కాబట్టి వారానికోసారి నోటుబుక్కులోంచి ఐదే ఐదు ఎక్కించండి: ట్రాక్ వయసు, పొడవు, నేల, గాలి, దారి ముందే తెలుసా లేదా. ఒకే కుక్కను ఇద్దరు నడిపిస్తుంటే మాత్రం షీటు మొదటి రోజు నుంచే పెట్టుకోండి. ఒకరి రాత ఇంకొకరికి అర్థం కాక సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.