డబ్బు అడగని ముల్లర్, అడిగిన బర్నార్డో

అనాథ పిల్లల సేవ అనగానే మా చర్చిలో జార్జ్ ముల్లర్ సాక్ష్యమే చెప్తారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1836లో మొదలెట్టి 1870కల్లా ఆ ఊళ్లోనే యాష్లీ డౌన్ అనే చోట అయిదు పెద్ద బిల్డింగులు, 2000 మందికి పైగా పిల్లలకి చోటు, అయినా ఎవరి దగ్గరికీ వెళ్లి చందా ఇమ్మని అడగలేదు, మోకాళ్ల మీద దేవుణ్ణే అడిగాడు. కాకపోతే ఏటా ఎంతొచ్చింది ఎంతయింది అని రిపోర్టు అచ్చేసేవాడు, అది చదివి జనం పంపేవాళ్లు, సో అవసరం బయటికి తెలీకుండా ఏమీ లేదు.

లండన్‌లో థామస్ బర్నార్డో రూటే వేరు. ఆయనా ప్రార్థనాపరుడే, కానీ స్టెప్నీలో 1870లో మగపిల్లల హోమ్ తెరిచాక ఓపెన్‌గా అడిగేశాడు. హోమ్‌లోని పిల్లాడిది చిరుగుల బట్టల్లో ఒక ఫోటో, శుభ్రంగా పని చేసుకుంటూ ఇంకో ఫోటో, అవి కార్డులుగా అమ్మించాడు. కొన్ని కావాలని సెట్ చేసి తీసినవని గొడవైపోయి 1877లో మధ్యవర్తుల దాకా వెళ్లింది.

నాకైతే ముల్లర్ పద్ధతే నచ్చుతుంది, అందులో పిల్లాడి పరువు బజారున పడదు కాబట్టి. మన గ్రూపుల్లో చూడండి, ప్రేయర్ రిక్వెస్ట్ అని పెడతారు, ఆక్సిజన్ మాస్కుతో పేషెంట్ ఫోటో, కిందే ఫోన్‌పే నంబరు. డబ్బు కావాలంటే డబ్బు కావాలనే అడగొచ్చుగా? ఆ విషయంలో మాత్రం బర్నార్డోనే నయం, ప్రార్థన ముసుగేసి అడగలేదు.