తిరుపతి రాక్ బ్యాండుకి మద్రాసా, బెంగళూరా?

తిరుపతిలో మేడ మీది గదిలో డిస్టార్షన్ పెడల్ (గిటారు మోతని గరగరలాడించేది) తొక్కితే ముందు లేచేది కింది పోర్షన్ అవ్వ. అభిమానులు ఆ తర్వాతే. గోలగోలగా వాయించే బ్యాండు ఎదగాలంటే ఊరు దాటాల్సిందే. మరి ఎటు?

మద్రాసు దగ్గర. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం, ఖర్చూ తక్కువే. ఐఐటీలో సారంగ్ లాంటి కాలేజీ పండగలున్నాయి. అరవం మనకెటూ వచ్చు.

బెంగళూరు సుమారు 250 కిలోమీటర్లు, చిత్తూరు, పలమనేరు మీదుగా రాత్రి బస్సు. డ్రమ్మరు స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి (మిగతా డ్రమ్ములు మామూలుగా అక్కడే ఉంటాయి). అయినా నా ఓటు దానికే. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా లాంటి పెద్ద విదేశీ బ్యాండ్లు వాయించిన ఊరది. ఆ ఊరి రాక్ బ్యాండు థర్మల్ అండ్ ఎ క్వార్టర్ 1996 నుంచి సొంత పాటలతోనే అక్కడ నిలబడింది. పైగా తెలుగులో అరిచినా అర్థమయ్యేవాళ్లు ప్రతి పబ్బులోనూ పదిమందైనా ఉంటారు. చిక్కల్లా ఒకటే: కొన్ని పబ్బులు సొంత పాటలు వద్దు, తెలిసినవే వాయించమంటాయి. రెండు వాళ్లవి, మూడోది మనది అని బేరమాడుకోవాలి.

చేతిలో డబ్బుల్లేకపోతే మాత్రం మొదటి రెండు షోలూ మద్రాసులోనే.