హ్యాండిల్ చివర రెండంగుళాల అద్దం: 2,140 కిలోమీటర్ల తర్వాత

నాకు కుడి చెవి సగమే వినపడుతుంది. శబ్దం వచ్చిందని తెలుస్తుంది కానీ ఎటు నుంచి వచ్చిందో, ఎంత దూరంలో ఉందో తెలియదు. రెండు చెవులూ సరిగ్గా పనిచేస్తేనే మెదడు ఆ లెక్క కట్టగలదు. అందుకే సైకిల్ మీద ఒంటరిగా దూరప్రయాణం చేయాలనుకున్నప్పుడు టెంటు కంటే, టైర్ల కంటే ముందు అద్దం గురించి ఆలోచించాను. 34 రోజుల ప్రయాణం, అందులో 4 రోజులు విశ్రాంతి. తొక్కిన రోజుల్లో సగటున 70 కిలోమీటర్ల పైనే వచ్చింది. దారంతా ఒకే అద్దంలో చూస్తూ వెళ్లాను కాబట్టి దాని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

బయలుదేరే ముందు రెండు నెలలు ప్రాక్టీసుకి వెళ్లినప్పుడు వేరే రకాలు వాడి చూశాను. మొదటిది రబ్బరు పట్టీతో హ్యాండిల్‌కి కట్టేది. దాని కాడ పొడుగు. నున్నటి రోడ్డు మీద బాగానే ఉంది. కంకర తేలిన రోడ్డు ఎక్కగానే వణకడం మొదలుపెట్టింది. వెనక వస్తున్నది లారీయో చెట్టో తేల్చుకోలేకపోయాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే లోపం కంపెనీది కాదు, కాడది. కాడ ఎంత పొడుగుంటే అద్దం అంత ఊగుతుంది. తర్వాత హెల్మెట్‌కి తగిలించే బొటనవేలంత అద్దం వాడాను. తల తిప్పితే దానితోపాటు అదీ తిరుగుతుంది కాబట్టి వెనక రోడ్డంతా గాలించి చూడొచ్చు. అది నచ్చినవాళ్లు ఇంకోదానికి మారరు. నాకు మాత్రం కళ్లజోడు పక్కన ఏదో ఊగుతున్నట్టుండి గంటలోపే తలనొప్పి వచ్చేది.

చివరికి తీసుకున్నది హ్యాండిల్ గొట్టం చివర దూర్చి బిగించేది. ఎలెన్ కీతో, అంటే ఆరు పలకల వంపు కడ్డీతో, తిప్పితే లోపల ముక్క ఉబ్బి గొట్టాన్ని పట్టుకుంటుంది. కాడ పొట్టి. అద్దం అటూ ఇటూ రెండంగుళాలు. ఎడమ పక్కన నడిచే దేశాల్లో కుడి కొసకీ, కుడి పక్కన నడిచే దేశాల్లో ఎడమ కొసకీ పెట్టుకోవాలి. మనల్ని బండ్లు ఏ పక్క నుంచి దాటుతాయో అదే అద్దం పక్క. నేను ఎడమ పక్కన తొక్కాను కాబట్టి నా అద్దం కుడి కొసన ఉంది. వినపడని చెవి కూడా అటే.

ఇది ఉబ్బెత్తు అద్దం. బడిలో కుంభాకార దర్పణం అని చదువుకున్నదే. ఇంత చిన్న ముక్కలోనే రోడ్డు, అంచు, పక్క పొలం అన్నీ పడతాయి. దానికి బదులుగా ప్రతిదీ చిన్నదిగా, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. కార్ల పక్క అద్దాల మీద దీని గురించే హెచ్చరిక రాసి ఉంటుంది. మొదటి రెండు రోజులు నేను మోసపోయాను. ఇంకా దూరంలో ఉందనుకున్న బస్సు అప్పటికే నా పక్కకి వచ్చేసింది. నాలుగో రోజుకి కన్ను అలవాటు పడింది. బండి ఎంత పెద్దగా ఉందన్నది కాకుండా ఎంత వేగంగా పెరుగుతోందన్నది చూడాలని అప్పుడు అర్థమైంది.

లెక్క కూడా వేసుకున్నాను. నా వేగం గంటకి 18 కిలోమీటర్లు, వెనక లారీది 80 అనుకుందాం. తేడా 62, అంటే సెకనుకి 17 మీటర్ల పైనే. 250 మీటర్ల దూరంలో గుర్తుపడితే నాకు 14 సెకన్లు ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు నా వేగం 6కి పడిపోతే 12 సెకన్లే. ఆ కొద్దిపాటి సమయంలో గుంత తప్పించుకోవచ్చు, అంచుకి జరగొచ్చు, హ్యాండిల్ గట్టిగా పట్టుకోవచ్చు. పెద్ద లారీ దాటేటప్పుడు దాని ముందు గాలి మనల్ని బయటికి నెడుతుంది, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. పక్కగాలి ఉన్న రోజైతే లారీ అడ్డంగా ఉన్నంతసేపు గాలి ఆగిపోయి, అది వెళ్లగానే ఒక్కసారి కొడుతుంది. ముందే తెలిస్తే చేతులు సిద్ధంగా ఉంటాయి.

చెవులు బాగున్నవాళ్లకి కూడా ఎదురుగాలిలో వెనక శబ్దం సరిగ్గా వినపడదు. చెవుల్లో గాలి హోరు ఒక కారణం. గాలికి ఎదురొచ్చే శబ్దం పైకి వంగిపోవడం ఇంకో కారణం. తొమ్మిదో రోజు ఆరు గంటలు ఎదురుగాలిలో తొక్కాను. ఆ రోజు నా రెండు చెవులకీ తేడా లేదు, రెండూ వినపడనివే. అద్దమే దారి చూపింది.

పదకొండో రోజు సంగతి వివరంగా చెప్పాలి. ఈ అద్దం దేనికో నాకు నిజంగా తెలిసింది ఆ రోజే. నది మీద పాత వంతెన, సుమారు 400 మీటర్లు. రెండు లారీలు ఎదురైతే అంగుళం ఖాళీ ఉండదు. అంచున కాలిబాట కూడా లేదు. వంతెన ఎక్కే ముందు అద్దంలో చూశాను, ఎవరూ లేరు. నాలుగో వంతు దాటాక ఒక లారీ కనిపించింది, లోడుతో ఉంది. ఎదురుగా కూడా వరసగా బండ్లు వస్తున్నాయి. ఆగడానికి చోటు లేదు. అప్పుడు ఎడమ చేతితో హ్యాండిల్ పట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి వెనక్కి చూపించాను. చూశాను, ఆగండి అన్నట్టు. అద్దంలో లారీ పెరగడం ఆగింది. ఒక దూరం దగ్గర నిలబడిపోయి అక్కడి నుంచి నా వేగంతోనే వచ్చింది. నిమిషంన్నర పట్టింది ఆ వంతెన దాటడానికి. ఒక్కసారి కూడా హారన్ మోగలేదు. వంతెన దిగగానే మట్టి అంచుకి జరిగి చేత్తో ముందుకి సైగ చేశాను. దాటుతూ డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఆరు కిలోమీటర్ల తర్వాత చెట్ల కింద అదే లారీ ఆగి ఉంది. ఆయన ఇనుప రాడ్డుతో టైర్లు ఒక్కొక్కటీ కొట్టి శబ్దం వింటున్నాడు. నేను ఆగి థ్యాంక్స్ చెప్పాను. ఆయన నా సైకిల్ చుట్టూ తిరిగి అద్దం దగ్గర నిలబడ్డాడు.

"సైకిల్ మీద పోయేవాళ్లకి వెనక బండి ఉందని తెలియదమ్మా. గుంత వస్తే ఒక్కసారిగా మధ్యలోకి వచ్చేస్తారు. మాకు అదే టెన్షన్. మీరు చెయ్యి ఎత్తారు చూడండి, నన్ను చూశారని తెలిసింది. ఇక భయం లేదు" అన్నాడు.

లారీ నడిపే మనిషి నన్ను చూసి భయపడతాడని అంతవరకూ నాకు తట్టలేదు. భయమంతా నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆ రోజు నుంచి అద్దంలో బండి కనిపించగానే చిన్నగా చెయ్యి ఎత్తేదాన్ని. సగానికి పైగా బండ్లు ఇంకొంచెం పక్కకి జరిగి దాటాయి. ఊరికే చూడటం కాదు, చూశానని చెప్పడం. నా దృష్టిలో ఈ వస్తువు అసలు విలువ అదే.

1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ముందు చక్రం పెద్దదిగా ఉండే సైకిల్ మీద బయలుదేరి 1886 డిసెంబర్‌లో యోకోహామా చేరిన థామస్ స్టీవెన్స్ గురించి ఆ సాయంత్రం ఆలోచించాను. సముద్రాలు ఓడల్లో దాటి, నేల మీద ప్రపంచమంతా సైకిల్ మీద చుట్టిన మొదటి మనిషి ఆయన. మార్చుకోవడానికి ఒక చొక్కా, మేజోళ్లు, కప్పుకోవడానికీ టెంటుగానూ పనికొచ్చే వానకోటు, ఒక చిన్న రివాల్వర్, దాదాపు ఇంతే సామాను. ఆయన వెనక నుంచి 80 వేగంతో వచ్చేది ఏదీ లేదు. ఆయన రోడ్డూ నా రోడ్డూ ఒకటి కావు.

పదహారో రోజు అద్దంలో ఒక పిల్లాడు కనిపించాడు. పదేళ్లుంటాయి. పెద్దవాళ్ల సైకిల్, సీటు అందక అడ్డ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతున్నాడు. నేను నెమ్మదిస్తే నెమ్మదిస్తాడు, వేగం పెంచితే నిలబడి తొక్కుతాడు. రెండు కిలోమీటర్లు అలాగే వచ్చాడు. సరదాకి వస్తున్నాడనుకుని ఊరుకున్నాను. కానీ వాడి చూపు నా మీద లేదు, నా వెనక చక్రం మీద ఉంది. అది గమనించి ఆగాను. వాడు కూడా పది అడుగుల దూరంలో ఆగి, "ఆంటీ, ఆ పట్టీ చక్రంలో పడుతుంది" అన్నాడు. పక్క సంచి పట్టీ ఊడి ఊచలకి రెండు వేళ్ల దూరంలో వేలాడుతోంది. పిలవడానికి మొహమాటపడి అంత దూరం వెంట వచ్చాడు. ఇద్దరం కలిసి పట్టీ కట్టాం. వాడు సైకిల్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

చూసిన దృశ్యాలు అడిగితే చాలామంది ముందున్నవే చెప్తారు. నాకు వెనకవి గుర్తున్నాయి. కనుమ దిగుతుంటే, ఉదయమంతా ఎక్కిన కొండ అద్దంలో మెల్లగా పూర్తిగా పైకి లేచింది. ఎక్కేటప్పుడు దాని మొత్తం ఆకారం నాకు ఒక్కసారీ కనపడలేదు. ఇంకో మధ్యాహ్నం ముందు ఎండ, వెనక నల్లటి వాన తెర. దూరంగా ఉన్న టవర్ దాని వెనక మాయమైంది, తర్వాత చెట్ల వరస, తర్వాత నేను ఇందాకే దాటిన మైలురాయి. నేను సైకిల్ ఆపి, సంచుల మీద కవర్లు లాగి, కోటు తొడుక్కునే సరికి మొదటి చినుకు పడింది. అద్దం లేకపోతే నిలువునా తడిసేదాన్ని.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్ల కోసం ఇది కూడా రాయాలి. ఇరవయ్యో రోజు సాయంత్రం ఖాళీ రోడ్డు మీద ఒక బైకు నా వెనక నెమ్మదిగా వస్తూ కనిపించింది, ఇద్దరున్నారు. దాటే వీలున్నా దాటలేదు. తల తిప్పి చూస్తే నేను గమనించానని తెలిసిపోతుంది. అద్దంలో చూస్తే తెలియదు. ఆ తేడా నాకు నాలుగైదు నిమిషాలు ఇచ్చింది. ముందు ఒక ఇంటి ముందు మనుషులు కూర్చుని కనిపించారు. నేరుగా అక్కడికి తొక్కి, దిగి, నీళ్లు అడిగాను. బైకు ఆగకుండా వెళ్లిపోయింది. వాళ్ల ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. తెలుసుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. ఆ ఇంటావిడ విషయం విని ఆ రాత్రి అక్కడే టెంటు వేసుకోమంది.

ఇక లోపాలు. చీకటి పడ్డాక వెనక హెడ్‌లైట్లు అద్దంలో పడి కళ్లు చెదురుతాయి, కిందికి వంచేయాల్సిందే. వానలో చినుకులు నిలుస్తాయి, బొటనవేలితో తుడుస్తూ ఉండాలి. క్యారియర్ మీద టెంటు అడ్డంగా కడితే ఎడమ సగం రోడ్డు కనపడదు. నేను రెండో రోజే టెంటుని నిలువుగా మార్చి కట్టాను. సైకిల్‌ని గోడకి ఆనించినప్పుడల్లా ముందు తగిలేది అద్దమే. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఉందని తల తిప్పడం మానకూడదు. పక్కనే అద్దానికి అందని చోటు ఒకటి ఉంటుంది. రోడ్డు మధ్యలోకి జరగాలంటే అద్దంలో చూసి, ఆ తర్వాత తల తిప్పి కూడా చూడాలి. చూడకుండా ఒకసారి జరిగాను, స్కూటరు నా మోచేతిని రాసుకుంటూ పోయింది.

దారిలో ఎదురైన ఇంకో ఒంటరి సైకిలిస్టు ఒక కిటుకు చెప్పాడు. ఇద్దరం రోడ్డుకి చెరో పక్కా ఆగి, ముందు దారిలో నీళ్లెక్కడ, కుక్కలెక్కడ అని చెప్పుకుంటున్నాం. పొద్దు వాలే వేళ పడమటికి తొక్కుతుంటే అద్దంలో నా పొడుగాటి నీడ కనిపిస్తుందా అని అడిగాడు. కనిపిస్తుందన్నాను. అలా కనిపించిందంటే వెనక వచ్చే డ్రైవర్ కళ్లలో సూర్యుడు ఉన్నాడని అర్థం, అతనికి నువ్వు కనపడవు అన్నాడు. నా అద్దంలో వెనక బండి అంత స్పష్టంగా కనిపిస్తుంటే అతనికీ నేను అలాగే కనిపిస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. తర్వాత నుంచి అద్దంలో నీడ పొడుగ్గా పడితే రోడ్డు దిగి, పొద్దు పూర్తిగా వాలేదాకా కూర్చునేదాన్ని.

ఇరవై ఏడో రోజు బురదలో స్టాండు దిగబడి సైకిల్ కుడి పక్కకి పడింది. అద్దం పైనుంచి కిందికి ఒక గీతగా చిట్లింది కానీ ఊడలేదు. దాని మీద పారదర్శక టేపు వేశాను. మిగిలిన రోజులన్నీ వెనక వచ్చే ప్రతి బండీ ఆ గీత దగ్గర రెండుగా చీలి, దాటగానే మళ్లీ ఒకటయ్యేది. ఇంటికి వచ్చాక గాజు మార్పించాను. బిగింపు మాత్రం పాతదే, 2,140 కిలోమీటర్లలో ఒక్కసారి కూడా వదులవలేదు.