పాత ఫైబర్‌గ్లాస్ బోటుకు రెండు డబ్బాల రంగు: ఐదారేళ్లు వాడాక

రెండు డబ్బాల పాలీయురెథేన్ రంగు బోటు పక్కలకు వేయొచ్చా అని ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని వేయమంటాను, అదే రంగు లోపల కాళ్లు పెట్టే ఫ్లోర్‌కి మాత్రం వద్దంటాను. ఒకే బోటుకి పక్కలకు రెండు డబ్బాలది, లోపల ఒక డబ్బాది వేసి, అమెరికాలోని జార్జియాలో, లేక్ లేనియర్ సరస్సు ఎండలో ఐదారేళ్లు వాడాక చెప్తున్న మాట ఇది. ఇంటర్‌లక్స్ పర్ఫెక్షన్, ఆల్‌గ్రిప్ లాంటివి మొదటి రకం: రంగు ఒక డబ్బాలో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఇంకో డబ్బాలో వస్తాయి. మూత తీసి నేరుగా వేసుకునే బ్రైట్‌సైడ్ లాంటివి రెండో రకం.

బోటు పదమూడు అడుగుల పాత బోస్టన్ వేలర్, 1960ల చివరిది, లోపలంతా లేత నీలం. 1961లో లైఫ్ పత్రికలో ఈ కంపెనీ ఫొటోలు వచ్చాయి: కంపెనీ పెట్టిన డిక్ ఫిషర్ నీళ్లలో బోటులో కూర్చుని ఉండగానే దాన్ని రంపంతో రెండుగా కోయించి, మిగిలిన సగంలో మోటారు వేసుకుని వెళ్లిపోతాడు. బయటి పెంకుకీ లోపలి పెంకుకీ మధ్య ఫోమ్ నింపి ఉంటుంది కాబట్టి మునగదు. కానీ ఎప్పుడో ఎవరో కొట్టి వదిలేసిన స్క్రూ రంధ్రంలోంచి ఆ ఫోమ్‌లోకి నీళ్లు చేరితే మళ్లీ బయటికి రావడం మహా కష్టం. అందుకే రంగు సంగతి తర్వాత, ముందు ప్రతి పాత రంధ్రాన్నీ వెతికి ఎపాక్సీ అనే, రాయిలా గట్టిపడే జిగురుతో పూడ్చాలి.

ఇక పాత పూత తీయడం. అసలు పనంతా ఇక్కడే ఉంది, రంగు వేయడం చివర్లో వచ్చే పండగ లాంటిది. మా బోటును పాత ఓనర్ ఫ్లోరిడా ఉప్పునీళ్లలో ఉంచేవాడట, అడుగంతా నాచు పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ పెయింట్ పొరలు పొరలుగా ఉంది. అందులో రాగి ఉంటుంది, పొడిగా సాండర్ పెట్టి లేపితే ఆ నీలం దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే. పాత రంగును మెత్తబరిచే స్ట్రిప్పర్ మందంగా పూసి, పైన ప్లాస్టిక్ షీట్ కప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున మూలలు గుండ్రంగా అరగదీసిన స్క్రాపర్‌తో గీకితే తడి తడిగా, ముద్దలుగా ఊడొస్తుంది. మూలలు వాడిగా ఉంటే కింద జెల్‌కోట్‌కి, అంటే ఫైబర్‌గ్లాస్ మీద ఫ్యాక్టరీలో వేసిన పైపూతకి, గాట్లు పడతాయి, వాటిని మళ్లీ మనమే పూడ్చాలి. పాతకాలం మిథిలీన్ క్లోరైడ్ స్ట్రిప్పర్లు జెల్‌కోట్‌ను కూడా తినేసేవి. 2019 నుంచి అమెరికాలో మామూలు కొనుగోలుదారులకు వాటిని అమ్మడం లేదు, ఒకందుకు మంచిదే అయింది. ఇప్పుడు దొరికేవి నెమ్మదిగా పనిచేస్తాయి, ఓపిక పట్టాలి.

పక్కల జెల్‌కోట్ ఎండకు మాడి, చేత్తో రాస్తే సున్నం గోడకు ఆనుకున్నట్టు తెల్లగా అంటుకునేది. చాలామంది ఇక్కడ వెంటనే శాండ్ పేపర్ పట్టుకుంటారు, అది తప్పు. ముందు సబ్బుతో కడిగి, సాల్వెంట్‌తో మైనం తుడిచేయాలి. ఒక గుడ్డతో రాసి, అది ఆరేలోపే ఇంకో శుభ్రమైన గుడ్డతో తీసేయాలి. లేదంటే సాండర్ ఆ మైనాన్ని గీతల్లోకి కూరేస్తుంది, అక్కడ రంగు పట్టదు. తుడిచాక నీళ్లు చల్లి చూడండి, నీళ్లు పలుచని పొరలా అంతటా నిలిస్తే సరే, ఎక్కడైనా విడిపోయి బొట్లు కడితే అక్కడ ఇంకా జిడ్డుందని.

సాలెగూడులా ఉండే సన్నటి పగుళ్ల మీద ప్రైమర్ కొట్టి దాచేద్దాం అనుకోకండి, ఒక్క ఎండాకాలం దాటేసరికి మళ్లీ కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ గాడిలా తెరిచి, ఎపాక్సీ నింపి, చదును చేయాల్సిందే. ఈ రంగు గాజులా మెరుస్తుంది కదా, ఆ మెరుపే కింద ఉన్న ప్రతి గుంటనీ పట్టిస్తుంది. మా వాడు ముదురు నీలం కావాలని పట్టుబట్టాడు, ముదురు రంగులో గుంటలు ఇంకా తెలుస్తాయని నేను తెలుపే వేశాను, చదును చేయడంలో నా ఓపిక ఎంతో నాకు తెలుసు కాబట్టి.

రంగు మాత్రం ఇద్దరు ఉంటేనే వేయండి. ఒకరు ఫోమ్ రోలర్‌తో పలుచగా పూస్తూ ముందుకు పోవాలి, రెండోవాళ్లు వెంటనే బ్రష్ కొసతో, బరువు ఆనకుండా, తేలిగ్గా ఒక్కసారి లాగి వదిలేయాలి. అంతే, మళ్లీ వెనక్కి వెళ్లి సర్దబోతే గీతలు నిలిచిపోతాయి. హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, ఇంట్లో స్ప్రే గన్‌తో కొట్టే ఆలోచనే పెట్టుకోవద్దు. రోలర్‌తో వేసినా సరైన కాట్రిడ్జ్ మాస్క్, చేతులకు గ్లోవ్స్ తప్పవు. జార్జియాలో ఏప్రిల్‌లో పైన్ చెట్ల పుప్పొడి కార్లన్నిటినీ పసుపు చేస్తుంది, తడి రంగు మీద పడితే ఇక చెప్పేదేముంది. మేం అక్టోబర్‌లో వేశాం. సాయంత్రం దాకా లాగకండి, రంగు గట్టిపడకముందే మంచు పడితే మెరుపు చచ్చిపోతుంది.

ఇన్నేళ్లకు ఎలా ఉందంటే, పక్కలు ఇప్పటికీ మొహం కనిపించేంత మెరుస్తున్నాయి. పాలిష్ లేదు, మైనం లేదు, ఉత్త సబ్బు నీళ్లే. గరుకు పౌడర్లతో రుద్దితే పైపొర పోతుంది, ఆ పని చేయొద్దు. చిక్కల్లా రిపేరులోనే. డాక్‌కి తగిలి ఒకచోట పెచ్చు లేచింది. అక్కడ మళ్లీ కొలిచి, కలిపి, పూసి, పాలిష్ పెట్టినా పక్కనుంచి చూస్తే మరక తెలుస్తూనే ఉంటుంది. లోపలి ఫ్లోర్ మీద లంగరు, కూలర్, చేపల గేలాలు రోజూ పడుతూనే ఉంటాయి. అక్కడ ఒక డబ్బా రంగులో జారకుండా ఉండే పొడి కలిపి వేశాను. అది గీతలు పడుతుంది, మెరుపు రెండేళ్లకే తగ్గింది. కానీ బ్రష్ తీసుకుని శనివారం పొద్దున ఓ అరగంట కూర్చుంటే మళ్లీ బాగైపోతుంది, లోపల నాకు కావాల్సిందీ అదే.

ఇంకొక్కటి, ఈ రెండు డబ్బాల రంగు నీటి గీతకు పైన వేసుకోవడానికే. బోటును నెలల తరబడి నీళ్లలోనే ఉంచేవాళ్లు అడుగున దీన్ని వేస్తే బొబ్బలు వస్తాయి, అక్కడ నీళ్లు లోపలికి దిగకుండా ఆపే ఎపాక్సీ బారియర్ కోటు, దానిమీద యాంటీఫౌలింగే సరి. ట్రైలర్ మీద ఉంచేవాళ్లకూ ఒక మెలిక ఉంది. బోటు ఆనుకునే చెక్కలకు చుట్టిన కార్పెట్ తడిసి రోజుల తరబడి ఆరకపోతే, సరిగ్గా ఆ చారల మేరకే బొబ్బలు లేస్తాయి. వానాకాలంలో వారానికోసారి బోటును కాస్త జరిపి ఆరనిస్తే చాలు.