నాలుగు పాయింట్ల అల్లం బీరు: మూడు ఎండకాలాలు వాడిన సరంజామాపై సమీక్ష

పది లీటర్ల మూత బకెట్టు, కింద ప్లాస్టిక్ నల్లా, మూతలో ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని గొట్టం), ఒక హైడ్రోమీటరు (ద్రవం ఎంత చిక్కగా ఉందో తేలి చూపే పరికరం), బకెట్టుకు అతికించే ఉష్ణోగ్రత పట్టీ, బిరడా క్లిప్పున్న అర లీటరు గాజు సీసాలు పన్నెండు. ఇంట్లో బీరు కాచే సెట్టు అని అమ్మేది ఇదే. మాల్టు, హాప్స్‌తో అసలు బీరు ఇంట్లో కాయడం తెలంగాణలో కుదరదు. 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. అందుకే నల్లగొండలో రెండిళ్లు, మహబూబ్‌నగర్‌లో రెండిళ్లు కలిసి దీన్ని అల్లం బీరుకే వాడుతున్నాం. మూడు ఎండకాలాలు దాటాక ఇందులో ఏది పనికొచ్చింది, ఏది మూలకు చేరింది, ఇక్కడి నీళ్లకూ ఎండకూ ఏం మార్చుకోవాల్సి వచ్చింది అన్నది ఈ సమీక్ష.

ముందు లెక్క తేలాలి. లీటరుకు 100 గ్రాముల చక్కెర కలిపితే హైడ్రోమీటరు 1.038 దగ్గర నిలుస్తుంది. ఈస్టు అందులో లీటరుకు 8 గ్రాములు తింటే రీడింగు 1.034కు దిగుతుంది. మూడో దశాంశ స్థానంలో ఒక్కో అంకె ఒక పాయింటు. ఆ నాలుగు పాయింట్లకు వచ్చే ఆల్కహాలు సుమారు 0.5 శాతం. వచ్చే గ్యాసు సీసాలోనే ఉండిపోతే పానీయం ఘనపరిమాణానికి రెండింతలు. నాలుక మీద చురుక్కుమనడానికి ఆ గ్యాసు చాలు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లో 0.5 శాతం దాటినదే మద్య పానీయం. అంటే రుచికీ హద్దుకీ గీత ఒకే చోట పడింది. నాలుగు పాయింట్లకు ముందే ఆపితే చప్పగా ఉంటుంది, దాటితే చేయకూడనిది చేసినట్టు. ఈ సామానులో ప్రతి వస్తువునూ మేం ఈ నాలుగు పాయింట్లకు ఎంత సాయపడుతుందన్న కొలతతోనే చూశాం.

ఆ కొలతతో చూస్తే ఎయిర్‌లాక్ పూర్తిగా వృథా. సెట్టుతో వచ్చిన కాగితం రెండు రోజులు బకెట్టులో పులియబెట్టి ఆ తర్వాత సీసాల్లో నింపమంటుంది. అసలు బీరును ముందు బకెట్టులో పులియబెట్టడం సరైన పద్ధతే. అల్లం బీరుకు అలా చేస్తే ఆల్కహాలు ద్రవంలో మిగిలి, గ్యాసు ఎయిర్‌లాక్ గుండా బయటికి పోతుంది. నాలుగు పాయింట్లూ బకెట్టులోనే ఖర్చయిపోతాయి. సీసాలో నురుగు రావాలంటే మరో నాలుగు కావాలి, ఆల్కహాలు ఒక శాతానికి చేరుతుంది. కాబట్టి బకెట్టు మాకు కలుపుకునే గిన్నె మాత్రమే. ఈస్టు వేసి మూడు గంటలు, ఈస్టు మేలుకుని పైన సన్నని బుడగల వలయం కనబడేదాకా ఉంచి, వెంటనే సీసాల్లోకి పట్టేస్తాం.

తొమ్మిది లీటర్లకు మా కొలత ఇది. నీళ్లు 8 లీటర్లు, చక్కెర 900 గ్రాములు, అల్లం 450 గ్రాములు, నిమ్మరసం 300 మి.లీ. (కాయల సైజును బట్టి పన్నెండు నుంచి పద్నాలుగు), అల్లం తోడు (పులిసిన అల్లం నీళ్లు, చేసే పద్ధతి కింద ఉంది) 250 మి.లీ. లేదంటే పొడి ఏల్ ఈస్టు (బీరుకు వాడే ఈస్టు) 1 గ్రాము. మూడు లీటర్ల నీళ్లలో చక్కెర, 250 గ్రాముల దంచిన అల్లం వేసి పావుగంట మరిగించాలి. పొయ్యి ఆపి, వేడి 75 డిగ్రీలకు దిగాక మిగతా 200 గ్రాముల అల్లం తురిమి వేసి ఇరవై నిమిషాలు మూత పెట్టాలి. మొత్తం అల్లాన్ని మరిగిస్తే ఘాటు కొంత పోతుంది. ఘాటునిచ్చే జింజరాల్ వేడికి కొంత జింజెరోన్‌గా మారుతుంది, దాని వాసన తియ్యగా, మెత్తగా ఉంటుంది. పచ్చి అల్లాన్ని నేరుగా వేస్తేనేమో దాని మీది క్రిములన్నీ లోపలికి వస్తాయి. 75 డిగ్రీల దగ్గర వేయడం ఈ రెండింటికీ మధ్య దారి. గొంతులో దిగే మంట కావాలనుకుంటే పది గ్రాముల శొంఠి పొడి మరిగేటప్పుడే వేయండి. ఎండిన అల్లంలో జింజరాల్ షోగాల్‌గా మారి ఉంటుంది, అది మరింత కారం.

తర్వాత పలుచని గుడ్డలో వడకట్టి, ముందురోజే కాచి ఫ్రిజ్‌లో పెట్టిన ఐదు లీటర్ల చల్లని నీళ్లు కలపాలి. 70 డిగ్రీల పాకం మూడు లీటర్లు, 5 డిగ్రీల నీళ్లు ఐదు లీటర్లు కలిస్తే 29, 30 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మే నెలలో నల్లా నీళ్లే 35 దాటి వస్తాయి, వాటితో చల్లార్చాలంటే సాయంత్రం దాకా కూర్చోవాలి. మరిగినప్పుడు ఇగిరిపోయిన నీటిని తొమ్మిది లీటర్ల గీత దాకా నింపి, నిమ్మరసం, తోడు వేసి కలపండి.

నీళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పావుగంట మరిగించే పనికి ఆ నీళ్లు అస్సలు వద్దు. మిషన్ భగీరథ నీళ్లు వాడుకోవచ్చు కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది, అది తోడును దెబ్బతీస్తుంది. తోడుకు వాడే నీటిని కాచి చల్లార్చుకుంటే సరి. ఆర్వో నీళ్లతో రుచి శుభ్రంగా వస్తుంది గానీ ఖనిజాలు పోయినందున ఈస్టు బద్ధకిస్తుంది. పది ఎండుద్రాక్షలు నలిపి వేస్తే ఆ లోటు తీరుతుంది. చౌడు బోరు నీళ్ల చిక్కు వేరే. వాటిలోని బైకార్బొనేటు నిమ్మ పులుపును మింగేస్తుంది. అంతే నిమ్మరసం వేసినా చప్పగా ఉంటే కారణం అదే. పులుపు కొలిచే పీహెచ్ పట్టీ పెట్టి 4 కంటే కిందికి వచ్చిందో లేదో చూసుకోండి. ఇది రుచి కోసమే కాదు, చెడ్డ క్రిములు పెరగకుండా కాపాడేదీ ఆ పులుపే.

హైడ్రోమీటరు ఈ సెట్టులో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తప్పుదారి పట్టించేదీ అదే. మా దానిమీద 20 డిగ్రీలకు సరిచేసినట్టు రాసి ఉంది. ఇక్కడ ద్రవం 32 డిగ్రీలుంటే నీళ్లు పలుచబడి రీడింగు మూడు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. మనం ఆడేదే నాలుగు పాయింట్లతో. దిద్దుబాటు లేకుండా చదివితే పులియక ముందే ముప్పావు వంతు పులిసిందని భ్రమ. ఉదయం ఒక వేడిలో, సాయంత్రం ఇంకో వేడిలో చదివి పోల్చితే ఇంకా అన్యాయం. శాంపిలును ఫ్రిజ్‌లో పెట్టి 20 డిగ్రీలకు తెచ్చి చదవండి, లేదా 32 దగ్గర చదివి మూడు కలపండి. గ్యాసున్న శాంపిలయితే రెండు గ్లాసుల మధ్య పదిసార్లు తిరగపోసి గ్యాసు వదిలించాలి. బుడగలు అంటుకుంటే హైడ్రోమీటరు పైకి తేలి ఎక్కువ చూపిస్తుంది.

ఉష్ణోగ్రత పట్టీ 36 దాకానే చదువుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మొత్తం నల్లగా మారి ఏమీ చెప్పదు. దాని బదులు వంటింటి డిజిటల్ థర్మామీటరు కొనుక్కోండి.

ఇక సీసాలు. ఇక్కడ మా మాట గట్టిగానే ఉంటుంది: సెట్టుతో వచ్చిన గాజు క్లిప్పు సీసాలు అల్లం బీరుకు వాడకండి. నాలుగు పాయింట్లు పులిశాక కూడా లీటరులో 90 గ్రాములకు పైగా చక్కెర మిగిలే ఉంటుంది. అదంతా పులిస్తే గ్యాసు ఇరవై రెట్లు దాటుతుంది. ఏ గాజూ దానికి ఆగదు. చలికాలంలో మరిచిపోయిన సీసా ఒకరోజు ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది. మే నెలలో మధ్యాహ్నం మరిచిపోతే సాయంత్రానికి పగలొచ్చు, గాజు ముక్కలు ఎగిరిపడతాయి. పైగా ఎండకు రబ్బరు వాషర్లు ఏడాదికే గట్టిపడి, కొన్ని సీసాలు గ్యాసు వదిలి, కొన్ని పట్టి ఉంచి, పక్కపక్క సీసాలే ఒకదానికొకటి పొంతన లేకుండా తయారవుతాయి. గాజు సీసాలు చల్లటి షర్బతుకు పెట్టుకోండి.

కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలే ఈ పనికి సరి. అవి గ్యాసు కోసం చేసినవే, ముఖ్యంగా లోపలి సంగతి వేలికి చెబుతాయి. నింపేటప్పుడు పైన నాలుగు సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. మొదట నొక్కితే లోపలికి పోయే సీసా, కొత్త కూల్‌డ్రింకు సీసాలాగా రాయిలా బిగిస్తే వెంటనే ఫ్రిజ్‌లోకి. తాగునీళ్ల పలుచటి సీసాలు వద్దు. కడిగే నీళ్లు 60 డిగ్రీలు దాటితే సీసా వంకర పోతుంది, పది వాడకాల తర్వాత మార్చేయండి. ప్రతి విడతలో ఒక పావు లీటరు సీసాను కొలతకని విడిగా నింపుతాం. పెద్ద సీసాలు బిగిసే వేళకు దాన్ని తెరిచి హైడ్రోమీటరుతో చూస్తాం.

గోలీసోడా సీసాలు వాడొచ్చా అని అడిగేవాళ్లుంటారు. చూడ్డానికి ముచ్చటే గానీ పని చేయవు. గోలీ మూతి రింగుకు అతుక్కోవాలంటే మొదట్నించే లోపల ఒత్తిడి ఉండాలి, అందుకే సోడా బండిమీద సీసాను తలకిందులు చేసి గ్యాసుతో కలిపి నింపుతారు. మెల్లగా పులిసే ద్రవానికి ఆ తొలి ఒత్తిడి ఉండదు, గ్యాసు గోలీ పక్కనుంచి జారిపోతుంది.

వేడి సంగతి సెట్టు అమ్మేవాళ్లు అసలు ఎత్తరు. మా లెక్కలో 20–22 డిగ్రీల దగ్గర సీసా బిగియడానికి 40 నుంచి 48 గంటలు, 26 దగ్గర ఒక రోజు, 36 దాటితే పన్నెండు గంటలు కూడా పట్టదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ జాగ్రత్తా లేకుండా చక్కగా వస్తుంది. మార్చి నుంచి థర్మాకోల్ పెట్టె తప్పదు. చేపల దుకాణాల్లో దొరికే పెద్ద పెట్టెలో తొమ్మిది సీసాలు, గడ్డకట్టిన లీటరు నీళ్ల సీసాలు రెండు పెట్టి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మారిస్తే బయట 42 ఉన్నా లోపల 25, 26 నిలుస్తుంది. ఫ్రిజ్‌లో చోటు లేకుంటే పాలమూరు పొడి ఎండలో రంజన్ పక్కన ఇసుకలో సీసాలు పెట్టి తడి గోనెసంచి కప్పడం కూడా బాగానే పని చేస్తుంది. అదే పద్ధతి జులైలో తేమ పెరిగాక పనికిరాదు, నీళ్లు ఆరితేనే కదా చల్లదనం.

తోడు విషయంలో మాకు ఏల్ ఈస్టు కన్నా అల్లం తోడే నచ్చింది, వాసన అందులో నిండుగా ఉంటుంది. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో రోజూ తొక్కతోనే తురిమిన అల్లం చెంచాడు, చెంచాడు చక్కెర వేసి గుడ్డ కట్టి ఉంచితే చలికాలంలో ఆరు రోజులకు, ఎండకాలంలో మూడు రోజులకు పొంగుతుంది. ఈస్టు ఉండేది తొక్క మీదే, కాబట్టి మట్టి అంటిన అల్లం కొని మీరే కడుక్కోండి. తోమి తెల్లగా చేసి అమ్మే అల్లంతో తోడు లేవదు. బెల్లంతో చేయాలనుకుంటే ముదురు రంగు బెల్లమే తీసుకోండి. పచ్చగా మెరిసే బెల్లంలో హైడ్రోస్ (రంగు తేల్చే గంధకపు రసాయనం) కలిపి ఉండొచ్చు, దాని గంధకపు వాసన సీసాలో దాక్కోదు, ఈస్టునూ అణచేస్తుంది. కల్లు లొట్టి అడుగు మడ్డితో తోడు పెట్టడం చాలామందికి తట్టే ఆలోచన. చెట్టు కల్లులో ఈస్టు నిజంగానే బలంగా ఉంటుంది, కానీ దాంతోపాటు వచ్చే బాక్టీరియా ఒక్క రాత్రిలో పులుపు పెంచేసి అల్లం వాసనను కప్పేస్తుంది. దుకాణం కల్లుతో అయితే అసలు వద్దు.

ద్రవం సాగి జిగటగా జారితే ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా చేరినట్టు, చక్కెరను అది బంకలా మారుస్తుంది. ఆ విడతను, దాన్ని పుట్టించిన తోడును పారబోయాలి. కుళ్లిన గుడ్డు వాసన ఈస్టు ఆకలి, ఎండుద్రాక్షలు మరిచిపోయారని అర్థం. తోడు మీద తెల్లని ముడతల పొర కడితే గాలి ఎక్కువ తగిలింది, తోడు కొత్తగా పెట్టుకోండి. రంగు రంగుల బూజు కనిపిస్తే తోడును పారబోసి గిన్నెను మరిగే నీళ్లలో వేయండి.

నకిరేకల్ నిమ్మకాయ మార్కెట్టు దగ్గరుండడం మా అదృష్టం, పలుచటి తొక్క కాయలకు రసం ఎక్కువ. నల్లగొండ బత్తాయి వేయాలని అందరికీ అనిపిస్తుంది. రసం మాత్రం వేయకండి. పిండిన కొన్ని గంటలకు అందులో లిమోనిన్ చేదు బయటపడుతుంది, రెండో రోజుకు తాగలేం. పై పచ్చ తొక్కను మాత్రం, తెల్లటి పొర తగలకుండా గీరి, 75 డిగ్రీల దగ్గర అల్లంతోపాటు వేస్తే వాసన అద్భుతంగా వస్తుంది.

బకెట్టు గట్టిదే. పీచుతో తోమితే గీతలు పడి వాటిలో మురికి చేరుతుంది, వేడినీళ్లలో వాషింగ్ సోడా వేసి అరగంట నానబెడితే చాలు. నల్లాను మాత్రం ప్రతిసారీ విప్పి కడగాలి, లోపలి వాషరు వెనక అల్లం పీచు చేరి పులుస్తుంది. మొదటి ఏడాది జిగట విడతలన్నిటికీ మూలం అక్కడే దొరికింది. రెండు వాషర్లు అదనంగా తెప్పించుకోండి, వాటి సైజు ఇక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరకదు.

ఫ్రిజ్‌లో పెట్టినా ఈస్టు పూర్తిగా ఆగదు, వారం లోపల తాగేయాలి. కరెంటు పోయి ఫ్రిజ్ ఆరు గంటలు ఆగిన రోజున ప్రతి సీసా మూతను కొద్దిగా వదులు చేసి గ్యాసు తీసి మళ్లీ బిగించండి. కొద్దిపాటి ఆల్కహాలు ఉంటుంది కాబట్టి పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వం, వాళ్ల కోసం అదే పాకాన్ని తోడు వేయకముందే తీసి సోడాతో కలుపుతాం. సెట్టు మొత్తం కొనాలా అంటే, వద్దు. మూత బకెట్టు, హైడ్రోమీటరు విడిగా కొనుక్కుని, మిగిలిన డబ్బు థర్మాకోల్ పెట్టెకూ మంచి థర్మామీటరుకూ పెట్టండి.